దండెం మీది మోత

దోమ అనుకున్నాను. చెవి పక్కనే సన్నగా, తెగకుండా మోగుతోంది. సాయంత్రం ఏడు కావస్తోంది, ఇంకా కాస్త వెలుతురుంది. స్కూల్లో పరీక్ష పేపర్లు దిద్ది ఆలస్యంగా వచ్చి, పొద్దున ఆరేసిన బట్టలు తీద్దామని పెరట్లోకి నడిచాను. ఎడమ చేత్తో దోమను తోలుతూ కుడి చెయ్యి మా చిన్నోడి చొక్కా వైపు ఎత్తాను. చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే మోచేతి కింద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ముఖానికి సాలెగూడు తగిలినట్టయింది. తుడుచుకుంటే ఏమీ లేదు. మళ్ళీ తగిలింది. ఆ మోత దోమది కాదని, దండెం తీగదని అప్పుడు తెలిసింది.

నేను అరవలేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి రెండడుగులు వెనక్కి వేశాను. నా వెనక నుంచి నాలుగేళ్ళ మా చిన్నోడు వస్తున్నాడు. అప్పుడే స్నానం చేయించి వాళ్ళ నానమ్మ వదిలినట్టుంది, ఒంటి మీద గుడ్డ లేదు. తడి తువ్వాలు ముద్దచేసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. దాన్ని ఎగిరి దండెం మీదికి విసరడం వాడు ఆ మధ్యే నేర్చుకున్నాడు.

"అమ్మా, జరుగు. నేనేస్త" అన్నాడు.

వాణ్ణి నడుము దగ్గర పట్టి ఎత్తుకున్నాను. గట్టిగా పట్టుకున్నానేమో, ఏడుపు మొదలుపెట్టాడు. రేకుల షెడ్డులో మా ఆయన ట్రాన్స్‌ఫార్మర్ నడుపుతున్నాడు. మా బిడ్డ, వాడి అక్క, ఏడేళ్ళది, షెడ్డు ముందు ముగ్గు గీత అవతల నిలబడి చూస్తోంది.

"బంద్ చెయ్యుండ్రి" అన్నాను. ఆ మోతలో లోపలికి వినబడలేదు. మళ్ళీ అన్నాను. లోపల స్విచ్చు పడిన చప్పుడైంది. దండెం మోత ఆగిపోయింది. బట్టలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి.

మాది కోరుట్ల. అంటే అత్తగారిది. నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. జగిత్యాలలో హాస్టల్లో ఉండి బీయస్సీ చదివాను. ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఒక పక్క తక్కువ చుట్లు, ఇంకో పక్క ఎక్కువ చుట్లు, మధ్యలో మూడు నిలువు గీతలు. ఆ బొమ్మ దగ్గర నిలబడితే వెంట్రుకలు లేస్తాయని పుస్తకంలో లేదు.

మా ఆయన మస్కట్‌లో కొన్నేళ్ళు ఎలక్ట్రీషియన్ పని చేసి వచ్చి, ఇక్కడ మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్నాడు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లకు పగలంతా రాగి తీగ చుట్టడం ఆయన పని. ఇంటికొచ్చాక మళ్ళీ తీగలే, అది సరదా. ఫోన్లో ఎక్కడెక్కడివాళ్ళో ఇంటి వెనక మెరుపులు పుట్టించే వీడియోలు చూసేవాడు. "ఒకలు తాగుతరు, ఒకలు పత్తాలాడుతరు. మా అన్న పిడుగులు చేస్తడు. నీ అదృష్టం వదినా" అని మా ఆడబిడ్డ అనేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది మా పుట్టింటి ఊళ్ళోనే. సిరిసిల్లలో మా తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పాత ఇనుప సామాన్ల దుకాణానికి పోతే, మూతబడిన ఒక మిల్లు సామాన్లో కనబడిందట. పదకొండు వేల వోల్టుల లైనును కొలవడానికి పెట్టే చిన్నది. పదకొండు వేలను నూట పదికి దించుతుంది. తిరగేసి, నూట పది ఇచ్చే వైపు నుంచి కరెంటు పెడితే మళ్ళీ పదకొండు వేలు చేస్తుంది. ఆయనకు కావలసింది ఆ తిరగేసిన పని. పాల క్యాను ఎత్తున ఇనుప డబ్బా, నిండా నూనె, నెత్తిన రెండు పింగాణీ కొమ్ములు. చూస్తే నాకు కొమ్ములున్న పసరం మెడ దించుకొని నిలబడ్డట్టు అనిపించింది.

"బావా, దీన్ని ఇంట్ల పెడ్తవా? అక్క నిన్ను బయట పెడ్తది సూడు" అన్నాడు మా తమ్ముడు.

"మీ అక్క సైన్సు చదివిందిరా. ఖుషీ అయితది" అన్నాడు ఈయన.

ట్రాలీ ఆటోలో వేములవాడ మీదుగా తెచ్చారు. అది ఒరిగితే లోపల చుట్ల మధ్య గాలి బుడగలు చేరతాయని, గుడి దగ్గర బస్సుల రద్దీలో ఆటో ఆగిన ప్రతిసారీ ఈయన దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడట. మా పిల్లలు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి అట్లాగే తెచ్చాడు.

పాత నూనె నల్లగా ఉంది, మాడిన వాసన. దాన్ని క్యాన్లలోకి ఒంపుతుంటే, వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్న మా అత్తమ్మ తల ఎత్తి చూసింది.

"గా నూనె పారబోయకు కొడుకా. మోకాళ్ళకు మంచిది. మా పెద్దబాపు లైన్‌మెన్ కాళ్ళు మొక్కి తెచ్చుకునేటోడు."

"వద్దమ్మా, పాతది" అన్నాడు ఈయన. నాలుగు రోజుల తర్వాత బియ్యం డ్రమ్ము వెనక ఒక సీసా దొరికింది నాకు. అప్పటికే వేలెడు తగ్గింది. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో చర్మంలోంచి ఒంట్లోకి ఎక్కే విషాలు ఉండొచ్చని ఎక్కడో చదివాను. ఆమె మోకాళ్ళు సబ్బుతో కడిగించాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా ఆయన పని మాత్రం శ్రద్ధగా చేశాడు. షాపు నుంచి చైను కప్పీ తెచ్చి లోపలి చుట్టను పైకి లేపాడు. రేకు డబ్బాలో పెద్ద బల్బులు వెలిగించి, దాన్ని అందులో పెట్టి రెండు రోజులు ఆరబెట్టాడు. కొత్త నూనె కాచడానికి పండుగలకు అన్నం వండే నా పెద్ద గంజు తీసుకుపోయాడు. అది మళ్ళీ వంటింట్లోకి రాలేదు. "నూనెల నీళ్ళ చుక్క ఉండొద్దు. ఒక్క చుక్క చాలు, లోపల పేలుతది" అనేవాడు. చిన్న గరిటెతో, పసిపిల్లకు పాలు పోసినట్టు, డబ్బా అంచు వెంట ఆ నూనె పోశాడు. ఆరు నెలలు పట్టింది. ఆయన కాళ్ళ కింద రబ్బరు చాప. నడిపేటప్పుడు ఒక చెయ్యి జేబులో. పిల్లలు దాటకుండా షెడ్డు ముందు ముగ్గు పిండితో అర్ధచంద్రాకారంలో గీత. ఇంత జాగ్రత్త ఉన్న మనిషిని ఇంకేమని ఆపను?

నడిపిన మొదటి రోజు నేనూ చూశాను. రెండు రాగి కడ్డీల మధ్య అడుగున నీలంగా చిన్న మంట పుట్టి, మెలికలు తిరుగుతూ పైకి పాకి, కొసన తెగి, మళ్ళీ అడుగున పుట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చిన్నోడు గీత మీద కాలి బొటనవేలు ఆనించి మా వైపు చూసి నవ్వాడు. వాణ్ణి వెనక్కి లాగాను. నా భయమంతా ఆ గీత దగ్గరే ఉండింది.

ఇక ఎర్తు సంగతి చెప్పాలి. ఇల్లు కట్టినప్పుడు మా మామ స్నానాల గది పక్కన నడుము లోతు గుంత తీయించి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేయించి, లోపల పైపు దింపించాడట. ఇంటి కరెంటు ఎటైనా తప్పిపోతే ఆ గుంతలోకి దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఇనుప స్టాండు మీద ఉంది. స్టాండును షెడ్డు ఇనుప గుంజకు వెల్డింగు చేశాడు, గుంజ నుంచి తీగ లాగి ఆ గుంతలో పైపుకు కలిపాడు. గుంత తడిగా ఉండాలి. ఎండిపోతే పనిచేయదు. ఎండాకాలం ఎర్తు గుంతలో బిందెడు నీళ్ళు పోయాలని మా వైపు అందరికీ తెలుసు, అందరూ మరిచిపోతారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోవలసిన అవసరం రాలేదు. మా అత్తమ్మ బీడీల తునికాకు తడిపిన నీళ్ళు రోజూ పొద్దున ఆ గుంతలోనే పారబోసేది. ఆమె ఎర్తు కోసం పోయలేదు. అది దగ్గర, అంతే. ఆమె ఆ నీళ్ళు అక్కడ పోసినన్నాళ్ళూ మా ఇల్లు భద్రంగా ఉంది.

మొన్నటి వానాకాలం మా బిడ్డకు డెంగీ వచ్చింది. జగిత్యాలలో ఓ ఆసుపత్రిలో ఐదు రోజులున్నాం. పొద్దున్నే నర్సు వచ్చి ప్లేట్‌లెట్ల అంకె చెప్పేది. ఒక పొద్దు నిన్నటి కంటే తగ్గిందని చెప్పింది. పిల్ల బతికింది. ఇంటికి వచ్చాక మాత్రం నేను మామూలు మనిషిని కాలేదు. ఎక్కడ తడి కనబడినా కాలితో రాసి ఆరబెట్టేదాన్ని. కూలరు ఎండగట్టాను, బిందెలు బోర్లించాను. ఒక రోజు టార్చి వేసి చూస్తే ఎర్తు గుంతలో, ఆకు నీళ్ళ మడుగులో, సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ కనబడ్డాయి. పెరడంతా గచ్చు చేయించమని పట్టుబట్టాను. మేస్త్రీ వచ్చాడు. మా ఆయన షాపు నుంచే ఫోన్ చేసి ఎర్తు గుంత మీద ఇటుకంత రంధ్రం ఉంచి మూత పెట్టమన్నాడు. మేస్త్రీ అట్లాగే చేశాడు.

మూత కింద నుంచి రెండు రోజుల తర్వాత ఒక దోమ బయటికి వచ్చింది. నేను చూశాను. మిగిలిన సిమెంటు గిన్నెలో కలిపి, మూతతో సహా ఆ రంధ్రాన్ని నా చేత్తోనే మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత సంగతి అనుకోలేదు. అత్తమ్మ ఆకు నీళ్ళు మురుగు పోయే మోరీలో పోయడం మొదలుపెట్టింది. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి.

ఆ సాయంత్రం మా ఆయన షెడ్డులోంచి బయటికి వచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"దండెం మోగుతుంది."

"దండెమేంది, మోగుడేంది?"

"దానికి కరెంటు ఉన్నది."

"ఎర్తు ఉన్నది గదనే. కరెంటెట్ల వస్తది? నీదంత ఉత్త బుగులే, ఊకె భయపడ్తవు" అని నవ్వాడు. చిన్నోడు ఇంకా ఏడుస్తున్నాడు. మా బిడ్డ మాత్రం నా ముఖం చూసి నానమ్మ దగ్గరికి పోయి నిలబడింది.

నేను వేలు చూపించాను. దండెం తీగ ఒక కొస స్నానాల గది గోడకున్న కొక్కేనికి ఉంది, ఇంకో కొస షెడ్డు గుంజకు చుట్టి ఉంది. నా పెళ్ళి కాకముందు నుంచీ అది అక్కడే ఉంది. ఆయన ఆ చుట్టిన చోటు వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఎర్తు చూడడానికి వైండింగు షాపుల్లో ఒక తేలిక పద్ధతి ఉంది. వంద వాట్ల బల్బుకు ఒక తీగ ఇంటి ఫేజుకు, ఇంకోటి ఎర్తుకు కలుపుతారు. ఎర్తు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఆయన హోల్డరు తెచ్చి కలిపాడు. బల్బు లోపల తీగ మాత్రం ఎర్రబడింది. బీడీ కొసన నిప్పంత.

"గదేం దీపంరా?" అంది అత్తమ్మ.

ఆయన బల్బు వైపే చూస్తూ, "ఎర్తు గుంతల నీళ్ళు పోస్తలేవా అమ్మా?" అన్నాడు.

"యాడ గుంత? గచ్చు చేయిస్తిరి గదా. మోరీల పోస్తున్న."

"మూత లేపి పోయమన్న గదా."

"మూతేడున్నది? నువ్వే పోయి సూడు."

ఫోన్ వెలుతురు వేసుకొని పోయి, గచ్చు మీద మోకాళ్ళ మీద కూచొని అరచేత్తో తడిమాడు. సిమెంటు మీద నాలుగు వేళ్ళ అచ్చు ఉంది. "ఇది ఎవలు మూసిండ్రు?" అన్నాడు.

"నేనే."

ఆయన ఆ అచ్చు మీదే చెయ్యి ఉంచి నా వైపు చూశాడు. అత్తమ్మ అంది. "దోమకు బుగులువడి, పిడుగును దండెం మీద ఆరేసినవా పిల్లా?"

నాకు కోపం రాలేదు. అంతకంటే సరిగ్గా చెప్పడం నాకూ రాదు. మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు కష్టమైంది. ఎర్తు పోయాక కరెంటు దిగే దారి లేక ఆ డబ్బా, ఆ గుంజ, ఆ దండెం అన్నీ ఒకటే అయిపోయాయని, తాను రబ్బరు చాప మీద నిలబడ్డాడు కాబట్టి తనకు తెలియలేదని మాత్రం చెప్పాడు. ఎన్ని రోజుల నుంచి అట్లా ఉందో చెప్పలేనన్నాడు. వేరే రోజుల్లో ఆయన షాపు నుంచి వచ్చేసరికే నేను బట్టలు తీసేసేదాన్ని.

ప్లగ్గు పీకేశాక కూడా దండెం ముట్టడానికి నా చెయ్యి రాలేదు. మగ్గం ముట్టే ముందు చేతి వెనక భాగంతో తాకి చూడాలని, అరచెయ్యి అయితే కరెంటు ముడుచుకునేలా చేసి పట్టేస్తుందని మా నాయిన చిన్నప్పుడు నేర్పాడు. అట్లా తాకి చూశాను. ఏమీ లేదు. బట్టలు తీశాను. పొడిగా, వెచ్చగా ఉన్నాయి.

అన్నాలు తిన్నాక ఆయనతో చెప్పాను. "అది ఇంట్ల ఉండొద్దు."

"రేపు గచ్చు పగలగొట్టి ఎర్తు మళ్ళ చేస్త. ఒకటి గాదు, రెండు చేస్త. దండెం తీగ తీసి ప్లాస్టిక్ తాడు కడ్త. ఇగ ఏం గాదు."

"నేను ఎర్తు గురించి అంటలేను."

"మరి?"

"మీకు తెల్వకుంట నేనొకటి మూసిన. రేపు మనిద్దరికి తెల్వకుంట ఇంకెవలో ఇంకోటి మూస్తరు. అత్తమ్మనో, మేస్త్రీనో, పిల్లలో. మీరు ఎంత పైలంగ, జాగర్తగ ఉంటే మాత్రం ఏంది?"

ఆయన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నూనె నలుపు ఎప్పటికీ పోదు. "ఆరు నెలలు పట్టింది దానికి" అన్నాడు. తర్వాత, "ఐతారం ట్రాలీ దొరుకుతది. షాపుకు తీస్కపోత" అన్నాడు. ఒరగకుండా మోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి, అంతవరకు షెడ్డులోనే ఉంటుంది. నేను సరేనన్నాను. షాపుకు మాత్రం ఇనుప షట్టరు లేదా? ఆ షట్టరు మీద చెయ్యి వేసి నిలబడే రైతులు లేరా? అడగలేదు. ఆయన ముఖంలో నా బిడ్డకు జ్వరం వచ్చిన రోజు చూసిన భయమే ఉంది, కానీ దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఆయన ఆ సరదా మానడు.

పిల్లలు పడుకున్నాక కూచున్నాను. మా వైపు ప్రతి ఎండాకాలం, ప్రతి వానాకాలం వింటాం, దండెం తీగకు కరెంటు వచ్చి ఫలానా ఊళ్ళో పోయారని. ఎప్పుడూ ఒక్కరు కారు, ఇద్దరో ముగ్గురో. మొదటి మనిషి తెలియక ముట్టుకుంటుంది. రెండో మనిషికి కరెంటని తెలుసు, అయినా ముట్టుకుంటాడు, ఎందుకంటే అక్కడ అతుక్కుపోయింది భార్యో, తల్లో, బిడ్డో. నేను రెండడుగులు వెనక్కి వేయకపోయి ఉంటే ఏమయ్యేదో మళ్ళీ మళ్ళీ చూశాను. నేను అరిచి ఉండేదాన్ని, లేదా అరవలేకపోయేదాన్ని. ఎట్లయినా చిన్నోడు వచ్చేవాడు. నేను తుమ్మినా, వేలు కోసుకున్నా, ఏ కొత్త చప్పుడు చేసినా వాడు పరుగెత్తి వచ్చి నా కాళ్ళు కావలించుకుంటాడు. ఒంటి మీద గుడ్డ లేకుండా, తడి కాళ్ళతో వచ్చేవాడు. వాడి వెనక వాళ్ళ అక్క. ముగ్గు గీతలు, ఎర్తులు, రబ్బరు చాపలు ఇవన్నీ పెద్దవాళ్ళ పనులు, ఎక్కడో ఒకచోట తప్పుతాం. పిల్లలు మాత్రం తప్పకుండా పరుగెత్తుకొస్తారు.

పొద్దున ఇద్దరినీ వంటింట్లో కూచోబెట్టి ఉప్మా పెట్టాను. బిడ్డకు జడ వేస్తూ మొదలుపెట్టాను. ముఖం కనబడకపోతే చెప్పడం తేలికనుకున్నాను. కానీ చిన్నోడు ఎదురుగానే ఉన్నాడు.

"ఒక మాట చెప్త, ఇద్దరు వినుండ్రి. అమ్మ గానీ డాడీ గానీ నానమ్మ గానీ, ఏ తీగ దగ్గరన్న, మిషన్ దగ్గరన్న పడిపోయి ఉంటే, లేకపోతే కదలకుంట బిగుసుకపోయి నిలబడితే, మీరు దగ్గరికి రావొద్దు. ముట్టుకోవద్దు. కట్టెతోని కూడ ముట్టొద్దు."

"పిలిస్తే?" అంది బిడ్డ.

"పిలిచినా రావొద్దు."

"ఏడిస్తే?"

"ఏడ్చినా. తమ్ముని చెయ్యి పట్టుకొని ముందర తలుపుల నుంచి బయటికి ఉరుకు. ఎదురింటి టైలర్ అంకుల్‌ను పిలువు. కరెంటు అని చెప్పు. మళ్ళ లోపలికి రావొద్దు."

జడ చివర రబ్బరు బ్యాండు బిగించాను. అది తల తిప్పకుండానే, "అప్పుడు లోపల నువ్వొక్కదానివే ఉంటవు గదా" అంది.

"ఉంట. నువ్వు మాత్రం ఉరకాలె."

చెప్పింది చెప్పినట్టు మళ్ళీ చెప్పమన్నాను. ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చిన్నోణ్ణి అడిగాను. వాడు గిన్నె పక్కన పెట్టి వచ్చి నా కాళ్ళు కావలించుకొని, "నేను చెప్ప పో" అన్నాడు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, వాణ్ణి రెండడుగులు దూరంగా నిలబెట్టి, మళ్ళీ అడిగాను.

"అమ్మ తీగ దగ్గర పడిపోతే ఏం చెయ్యొద్దు?"